పన్నెండు నిమిషాల హస్తవాసి

తొందరమ్మ మీట నొక్కడం ఆ రోజుకది పదకొండోసారి. పదకొండోసారీ తెర మీద ఎర్ర గీతే వచ్చింది.

గాలి బుడగ కనబడితే మందు పంపును ఆపాల్సిన ఫంక్షన్, అంటే ప్రోగ్రాంలో ఆ పని చేసే భాగం, ఎక్కడా దొరకలేదని ఆ గీత సారాంశం.

దొరకలేదట. అదే తెర మీద ఎడమ పక్కన ఆ ఫంక్షన్ నిక్షేపంలా కూర్చుని ఉంది. ఇరవై రెండు వరసలు. ఆమే రాసింది. పిలిచినచోట ఏ పేరుందో రాసినచోటా అదే పేరుంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తూ మనిషి లేడన్నట్టుంది వ్యవహారం.

చేతి గడియారం చూసుకుంది. రెండూ ఐదు. నాలుగింటికి ఈ ఎర్ర గీత పోవాలి. పోకపోతే రేపటి నుంచి ఆమె ఈ కుర్చీలో ఉండదు.

ఆ కంపెనీ చేసేది మందు పంపులు. ఆసుపత్రిలో మంచం పక్కన కడ్డీకి తగిలించి ఉంటాయి, నరంలోకి మందును చుక్క చుక్కగా ఎక్కిస్తాయి. ప్రతి పంపులోనూ చిన్న కంప్యూటరు, దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, దాని నడిబొడ్డున కెర్నెల్. కెర్నెల్ అంటే నాలుగు వందల ఫైళ్ళు. బిల్డ్ మిషన్ ఒక్కో ఫైలునూ విడిగా ఒక ముక్కగా తయారుచేస్తుంది, చివర్లో ముక్కలన్నిటినీ కలిపి కుడుతుంది. ఈ రోజు ముక్కలన్నీ బాగానే తయారవుతున్నాయి. కుట్టేచోటే పేచీ.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆఫీసులో ఎక్కడా వినబడదు. ఎర్రర్ వచ్చిన రెండు నిమిషాల్లో సవరించి మళ్ళీ మీట నొక్కుతుందని తొందరమ్మ అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్ళు మెచ్చుకుని పెట్టలేదు. ఎందుకంటే ఆమె సవరించినవి చాలాసార్లు పనిచెయ్యవు. అవే సవరణలు డాక్టరు చేతిలో పనిచేస్తాయి.

డాక్టరంటే వైద్యం చదివినవాడు కాదు. ఆఫీసులో అందరికన్నా పాతకాపు, ఉద్యోగానికి ఇంకో మూడేళ్ళే మిగిలిన పెద్దమనిషి. మొండి ఎర్రర్ ఏదైనా ఆయన ముట్టుకుంటే పోతుందని ప్రతీతి. "ఆయన హస్తవాసి అలాంటిది" అంటారు. ఆయన వైద్యం ఎప్పుడూ ఒకటే పద్ధతి. ముందు ఫైలు తెరిచి పై నుంచి కిందకి చదువుతాడు. లేచి టీ గదికి వెళ్తాడు. ఓ పావుగంటకో ఇరవై నిమిషాలకో తిరిగొస్తాడు. ఫైలు పైభాగాన "చూశాను" అని ఒక వరస, పక్కన తేదీ రాస్తాడు. మిషన్ పట్టించుకోని వ్యాఖ్య అది, మనుషుల కోసం రాసే మాట. ఫైలు భద్రం చేసి మీట నొక్కుతాడు. పచ్చ గీత వస్తుంది.

ఏడేళ్ళలో ఆ నాలుగు వందల ఫైళ్ళ నెత్తిన "చూశాను"లు పేరుకుపోయాయి. కొన్ని ఫైళ్ళలో అసలు ప్రోగ్రాం మొదలవడానికి రెండు తెరలు కిందకి జరగాలి.

ఆ రోజు పొద్దున మేనేజరు ఆమెను తన అద్దాల గదికి పిలిచాడు.

"చూడమ్మా, నీ ఆరు నెలల ట్రయలు ఈ రోజుతో ఆఖరు. లెక్క తీయించాను. నువ్వు మీట నొక్కితే పదింట్లో ఆరుసార్లు ఎర్రర్. డాక్టరు నొక్కితే పదింట్లో ఒకటి."

"నేను నొక్కిన దాన్నే ఆయన నొక్కుతారండి. కొత్తగా ఆయన రాసేది 'చూశాను' ఒక్కటే."

"అదే కదా హస్తవాసంటే" అన్నాడు మేనేజరు, తిరుగులేని రుజువు దొరికినట్టు. "ఈ రోజు గాలిబుడగ భాగం నువ్వే చెయ్యాలి. డాక్టరు నీ ఫైలు ముట్టుకోడు. నాలుగింటికి ఆసుపత్రి వాళ్ళ ఇన్‌స్పెక్టరమ్మ చేతికి కెర్నెల్ ఇవ్వాలి. నాలుగంటే మన టైము నాలుగు. ఇస్తే పర్మనెంట్ కాగితం. ఇవ్వకపోతే నీకు నేను చెప్పక్కర్లేదు."

మన టైమంటే ఏమిటో ఆ ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. మేనేజరు ఈ కుర్చీలోకి వచ్చిన తొలి వారంలో చేసిన ఘనకార్యం అది. జనం పనికి ఆలస్యంగా వస్తున్నారని ఆఫీసులో టైము చూపించే ప్రతి వస్తువునూ పన్నెండు నిమిషాలు ముందుకు జరిపించాడు. మొదటి వారం అందరూ పరుగులు పెట్టారు. రెండో వారానికి తీసివేత నేర్చుకున్నారు. ఇప్పుడు గోడ గడియారం వైపు చూసిన ప్రతి మనిషీ పెదవి కదలకుండా పన్నెండు తీసేసుకుంటాడు. చెప్పుకోదగ్గ మార్పేమిటంటే, ఆఫీసు మొత్తానికి లెక్కలు బాగా వచ్చాయి.

ఫోను మోగింది. అత్తగారు.

అత్తగారు ఇంట్లో బట్టలు కుడుతుంది. తొందరమ్మ మొగుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళు, ఒక కుట్టుమిషను. ఉన్నది ఒక్కటే గది. కుట్టుమిషను మడిస్తే గానీ మంచం విప్పడానికి ఉండదు. ఆఫీసు వెనక వీధిలో రెండు గదుల వాటా ఖాళీగా ఉంది, వీధి వైపు కిటికీతో సహా. ఇంటాయన కచ్చితమైన మనిషి. ఈ రోజు ఐదింటిలోగా పర్మనెంట్ కాగితం చూపిస్తే తాళంచెవులు ఇస్తానన్నాడు. ఐదు దాటితే వెయిటింగులో ఉన్న ఇంకో కుటుంబానికి. కాగితం మీద వేళ ముద్ర కూడా ఉండాలన్నాడు. ముప్పై ఏళ్ళు రికార్డు గదిలో పనిచేసి వచ్చినవాడు మరి.

"ఏమే, అయిందా?" అంది అత్త.

"కాలేదత్తయ్యా. చొక్కాకి చెయ్యి లేదంటోంది."

ఈ ఆరు నెలల్లో కెర్నెల్ గురించి అత్తకు చొక్కా భాషలో చెప్పడం ఆమెకు అలవాటైపోయింది.

"చెయ్యి కత్తిరించావా?"

"కత్తిరించి బల్ల మీద పెట్టాను. లేదంటోంది."

"పాత ముక్క కుడుతోందేమో చూడు. మొన్న నేనూ అంతేగా. కొత్త కాలరు కత్తిరించి పక్కన పెట్టుకుని, శుభ్రంగా పాత కాలరే కుట్టేశాను. నేను ఇప్పుడు బయల్దేరి ఆ వాటా దగ్గర కూర్చోనా, తర్వాత రానా? టైమెంతయింది అక్కడ?"

"గోడ మీద రెండూ ఇరవై. అంటే రెండూ ఎనిమిది."

"ఏం గోడే తల్లీ అది. పొద్దస్తమానం అందరూ తీసేసుకుంటూ కూర్చుంటారా?"

"అలవాటైపోయిందత్తయ్యా."

"తీసెయ్యడం రాని మొద్దు ఒక్కరూ లేరా మీ ఆఫీసులో?"

తొందరమ్మ తల తిప్పి చూసింది. అద్దాల గదిలో, మేనేజరు కుర్చీ వెనక, నల్లటి బీరువాలాంటి బిల్డ్ మిషన్ కనబడుతోంది. దాని మొహాన ఆకుపచ్చ అంకెలు వెలుగుతున్నాయి. ఆరు నెలలుగా రోజూ చూస్తున్న అంకెలే.

"ఉన్నాడత్తయ్యా, ఒకడు" అని ఫోను పెట్టేసింది.

బిల్డ్ మిషన్‌లో తయారైన ముక్కల జాబితా తీసింది. ప్రతి ముక్క పక్కనా అది పుట్టిన టైము ఉంటుంది. గాలిబుడగ ముక్క పుట్టింది రెండూ పదికి.

చేతి గడియారం చూసుకుంది. రెండూ తొమ్మిది.

ఇంకో నిమిషానికి పుట్టబోయే ముక్క అప్పుడే పుట్టి కూర్చుంది.

మిగతాది అల్లుకోవడానికి ఆమెకు ఆ నిమిషం కూడా పట్టలేదు. మీట నొక్కిన ప్రతిసారీ మిషన్ నాలుగు వందల ఫైళ్ళనూ చదవదు. అంత ఓపిక దానికి లేదు. అన్నీ చెరిపేసి మొదటి నుంచి కట్టాలంటే ఆరు గంటలు పడుతుందని, వారానికోసారి ఆదివారం తప్ప అలా చెయ్యకూడదని మేనేజరు ఆజ్ఞ. మామూలు రోజుల్లో మిషన్ టైము మాత్రం చూస్తుంది. ఫైలు కొత్తదా, దాన్నుంచి తయారుచేసిన ముక్క కొత్తదా. ఫైలు కొత్తదైతే ముక్కను మళ్ళీ తయారుచేస్తుంది. ముక్కే కొత్తదైతే ఫైలు జోలికి పోదు.

ఫైళ్ళుండేది వేరే కంప్యూటరు పెట్టెలో. అది కింది అంతస్తులో ఉంది, దాని మొహాన అంకెలు లేవు, కాబట్టి మేనేజరు దాన్ని వదిలేశాడు. దాని టైము నిజం. ముక్కలుండేది బిల్డ్ మిషన్‌లో. దాని టైము పన్నెండు నిమిషాలు అబద్ధం. అంటే ముక్క తయారైన పన్నెండు నిమిషాల్లోపు ఎవరు ఫైలు సవరించినా, మిషన్ లెక్కలో ఆ సవరణ పాత కాలం నాటిది. పాత ముక్కనే తీసి కుట్టేస్తుంది.

రెండు నిమిషాల్లో సవరించేవాళ్ళు ఆ ఆఫీసులో ఒక్కరే.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దుట్నుంచి జరిగింది ఇప్పుడు వరసగా కనబడుతోంది. సరైన మందు వేసినప్పుడు మిషన్ చూడలేదు. మందు పనిచెయ్యలేదని దాన్ని పీకేసి ఇంకోటి వేసినప్పుడు చూసింది. అలా పదకొండు మందులు వేసింది, ఆరు ఫైళ్ళు కెలికింది. మిషన్ అడగనప్పుడు రైటు, అడిగినప్పుడు తప్పు. డాక్టరుగారి పద్ధతి నకలు కొట్టి "చూశాను" కూడా రాసింది, తొమ్మిదోసారి. అదీ పనిచెయ్యలేదు. పనిచెయ్యదు. ఆ మందులో గుణం "చూశాను"లో లేదు, టీలో ఉంది.

గడియారం అబద్ధమని అందరూ ఎరుగుదురు. నమ్మింది ఒక్క మిషనే.

ఆమె నేరుగా అద్దాల గదికి వెళ్ళింది. ఐదు వాక్యాల్లో చెప్పింది. మేనేజరు చివరిదాకా విన్నాడు. విన్నాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మిషన్‌ను తిట్టుకునేవాళ్ళను చూశానమ్మా. నెట్‌వర్క్‌ను తిట్టుకునేవాళ్ళను చూశాను. గడియారాన్ని తిట్టుకోవడం నువ్వే మొదలు."

"ఆ ఒక్కదాని టైము సరిచెయ్యండి. గోడ మీదివి అలాగే ఉంచండి."

"ఒక ఆఫీసులో రెండు టైములా? ఇవాళ దీనికి సరిచేస్తే రేపు ప్రతివాడూ తన వాచీ చూపిస్తాడు. క్రమశిక్షణ ఏం కావాలి?"

"నిమిషం పని సార్."

"నిమిషాల సంగతి నాకు చెప్పకు. అదే మిషన్ మీద డాక్టరు ఏడేళ్ళుగా చేస్తున్నాడు. ఆయనకెప్పుడూ గడియారం అడ్డు రాలేదే?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. చెబితే డాక్టరు ఏడేళ్ళ పేరు ఆ గదిలోనే ఆవిరైపోతుంది. మూడేళ్ళ ఉద్యోగం మిగిలిన మనిషి. ఆమె అది చెప్పకుండానే బయటికి వచ్చింది.

డాక్టరు టీ గదిలోనే ఉన్నాడు. ఈ రోజు ఆమె ఫైలు ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఆయనకు టీ తాగడం తప్ప పని లేదు.

"మీకు తెలుసా?" అంది ఆమె, ఎదురుగా కూర్చుంటూ.

"ఏది అమ్మాయ్?"

"బిల్డ్ మిషన్ పన్నెండు నిమిషాలు ముందుందని. ఆలోపు ఏది సవరించినా చూడదని."

డాక్టరు కప్పు కింద పెట్టాడు. ఆయన మొహంలో దొంగ దొరికిపోయిన కంగారేమీ లేదు. చాలాకాలంగా రావాల్సిన చుట్టం చివరికి గుమ్మంలోకి వచ్చినట్టుంది.

"తెలుసని చెప్పలేను. తెలియదంటే అదీ అబద్ధమే. ఆ మిషన్ వచ్చిన కొత్తలో ఓ రోజు ఎంత సవరించినా పడలేదు. విసుగొచ్చి టీకి వెళ్ళొచ్చాను. వచ్చి ఊరికే ఓ వరస రాసి నొక్కితే పడింది. మర్నాడూ అంతే. పనవుతున్న దాన్ని ఎవడైనా విప్పి చూస్తాడా అమ్మాయ్?"

"ఏడేళ్ళూ చూడలేదా?"

"ఓసారి చూద్దామనుకున్నాను. అప్పటికే నన్ను డాక్టరుగారూ అని పిలవడం మొదలెట్టారు."

డాక్టరు కప్పు ఎత్తి ఓ గుటక తాగాడు. తర్వాత ఆయనే అన్నాడు. "మేనేజరుకి చెప్పావా?"

"గడియారం సంగతి చెప్పాను. నమ్మలేదు. మీ సంగతి చెప్పలేదు."

డాక్టరు తలూపాడు. ఇంకో కప్పు నింపి ఆమె ముందుకు జరిపాడు. "తాగు. పన్నెండు నిమిషాలు పడుతుంది."

"ఆరు ఫైళ్ళు కెలికి పెట్టానండి. అన్నీ విడదీసి, ఒక్కోదానికీ పన్నెండేసి నిమిషాలు టీ తాగుతూ కూర్చుంటే రేపటికి అవుతుంది."

లేచి రెండడుగులు వేసి ఆగింది. మిషన్‌కు కావలసింది టీ కాదు. తన టైముకన్నా కొత్తదైన ఫైలు. మిషన్ టైము మార్చే అధికారం ఆమెకు లేదు. ఫైళ్ళుండే పెట్టె మీదా లేదు. కానీ తన ఫైలు నెత్తిన ఏ టైము రాసి పంపాలన్నది తన చేతిలోనే ఉంది. అది ఒక్క ఆదేశం.

"ఏమైంది?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదండి. నా ఫైళ్ళకి కూడా మన టైము నేర్పిస్తాను."

రెండూ ముప్పై ఐదుకి ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుంది. పదకొండు మందులు వేసిన ఒంట్లోంచి పది మందులు తీసెయ్యడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆరు ఫైళ్ళకూ పన్నెండు నిమిషాలు ముందుకు జరిపిన టైము తగిలించి మీట నొక్కింది.

పదిహేడు ఎర్రర్లు.

తొందరమ్మ నవ్వింది. వెనక బల్ల దగ్గరి గుమాస్తా ఆమె తెర వైపు చూసి జాలిగా నాలుక చప్పరించాడు. పొద్దుట్నుంచి ఒకటే ఎర్రర్, ఇప్పుడు పదిహేడు. ఆయనకు తెలియంది ఏమిటంటే, ఆ పదిహేడూ నిజమైనవి. ఆరు నెలల్లో ఆ మిషన్ ఆమెతో నిజం మాట్లాడటం అదే మొదలు.

తర్వాత ఆమె చెయ్యి ఆగలేదు. ఒక ఫైలులో పాత పేరుతో పిలుస్తోంది, మార్చింది. పదిహేడు తొమ్మిదైంది. ఒక ఫంక్షన్ రెండుచోట్ల రాసి ఉంది, ఒకటి తీసేసింది. తొమ్మిది ఐదైంది. సవరించడం రెండు నిమిషాలు, టైము తగిలించడం రెండు క్షణాలు, మిషన్ కుట్టి చూపించడానికి నాలుగు నిమిషాలు. మూడున్నరకు ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ముందు గదిలో కూర్చుంది. సన్నటి మనిషి, ఒళ్ళో తోలు సంచి, చేతికి నల్ల బెల్టు గడియారం. మేనేజరు ఆమెకు టీ పంపించి అద్దంలోంచి తొందరమ్మ వైపు ఓ చూపు పంపించాడు.

మూడూ నలభైకి రెండు ఎర్రర్లు మిగిలాయి. నలభై ఐదుకి ఒకటి. గాలి బుడగ ఫంక్షన్‌కు అంకె ఇవ్వాల్సినచోట అక్షరం ఇస్తోంది. సవరించింది. టైము తగిలించింది. నొక్కింది.

గోడ గడియారం నాలుగు కొట్టింది. అంటే మూడూ నలభై ఎనిమిది.

ఆఖరి కుట్టు కాబట్టి నాలుగు వందల ముక్కలూ ఒక్కటిగా సర్దడానికి మిషన్ తీరిగ్గా ఎనిమిది నిమిషాలు తీసుకుంది. పచ్చ గీత వచ్చింది. కెర్నెల్‌ను వేలెడంత పెన్‌డ్రైవు కడ్డీలోకి ఎక్కించి ముందు గదికి నడిచింది. మేనేజరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"మన టైము నాలుగూ ఎనిమిదమ్మా. ఎనిమిది నిమిషాలు లేటు. పని అయింది, సంతోషం. కాగితం సంగతి మాత్రం మాట మాటే."

"ఆసుపత్రితో ఒప్పందంలో మామూలు నాలుగే కదండీ. ఇప్పుడు మూడూ యాభై ఆరు."

"ఒప్పందం వేరు. నీకు నేను చెప్పింది మన టైము."

ఆమె చేతిలోని కడ్డీ తీసుకుని, మొహం మార్చుకుని, లోపలికి వెళ్ళాడు. "నాలుగు నిమిషాలు ముందే ఇస్తున్నామండి" అంటూ ఇన్‌స్పెక్టరమ్మకు అందించాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కడ్డీని తన కంప్యూటరుకు తగిలించింది. చాలాసేపు చదివింది. తన గడియారం చూసుకుంది. మళ్ళీ చదివింది.

"ఇది పుట్టింది నాలుగూ ఎనిమిదికని ఉంది."

"అవునండి" అన్నాడు మేనేజరు, వినకుండానే.

"ఒప్పందం నాలుగింటికి. దీని ప్రకారం మీరు ఆలస్యం. నా గడియారం ప్రకారం ఇది ఇంకా పుట్టలేదు. ఆలస్యమైన దాన్ని తీసుకోకూడదని నాకు రూలుంది. పుట్టని దాన్ని ఏం చెయ్యాలో రూలు కూడా లేదు."

మేనేజరు మొహంలో లెక్క నడుస్తోంది. గడియారం నిజమంటే కెర్నెల్ ఆలస్యం, ఒప్పందం పోతుంది. గడియారం అబద్ధమంటే గుమ్మంలో నిలబడ్డ ఈ అమ్మాయి వేళకే ఇచ్చింది. రెండూ పొసగవు.

"అంటే, మా గడియారం కొంచెం ముందుంటుందండి" అన్నాడు చివరికి.

"ఎంత?"

"పన్నెండు నిమిషాలు."

"ఏ గడియారం?"

"అన్నీ."

"ఎందుకు?"

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "క్రమశిక్షణ కోసమండి."

"కాగితం మీద రాసివ్వండి" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "సాక్షి సంతకం కూడా కావాలి. పాతవాళ్ళెవరైనా ఉంటే మంచిది."

మేనేజరు రాశాడు. ఈ సంస్థలోని గడియారాలన్నీ, హాజరు మిషను, బిల్డ్ మిషన్‌తో సహా, గత ఏడేళ్ళుగా పన్నెండు నిమిషాలు ముందున్నవనియు, కెర్నెల్ నిజముగా మూడు గంటల యాభై ఆరు నిమిషములకు తయారైనదనియు. సాక్షి కోసం డాక్టరును పిలిపించారు. ఆయన కాగితాన్ని పై నుంచి కిందకి చదివాడు, ఫైలు చదివినట్టే. తొందరమ్మ వైపు ఓసారి చూశాడు. తన హస్తవాసి చావుకబురు అది, ఆయనకు అర్థం కాకపోలేదు. జేబులోంచి పెన్ను తీసి అడుగున రాశాడు.

చూశాను.

ఇన్‌స్పెక్టరమ్మ తృప్తిగా కాగితాన్ని సంచిలో పెట్టుకుంది. తొందరమ్మ దానికో నకలు తీయించుకుంది.

"నాలుగింటికి నాలుగు నిమిషాలు ముందే ఇచ్చానని మీరే రాశారండి" అంది మేనేజరుతో.

మేనేజరు ఆ నకలును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పర్మనెంట్ కాగితం తెప్పించాడు. మూడుసార్లు చదివాడు, రెండుచోట్ల కామాలు పెట్టించాడు. సంతకం పెట్టేసరికి ఆమె చేతి గడియారంలో నాలుగూ యాభై. వాకిట్లో హాజరు మిషన్ దగ్గర వేళ ముద్ర వేయించుకుని ఆమె బయటికి పరుగెత్తబోతుంటే డాక్టరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"సోమవారం అన్నీ సరిచేయిస్తాడట" అన్నాడు. "సోమవారం నుంచి నాది మామూలు చెయ్యే."

"టీ మానకండి డాక్టరుగారూ."

"మానను. ఎవరైనా అడిగితే, గడియారాలు మారాక మిషన్‌కి గుణం తగ్గిందని చెప్తాను. నమ్ముతారులే."

వాటా ముందు మెట్ల మీద అత్త కూర్చుని ఉంది, ఒళ్ళో బట్టల మూట పెట్టుకుని. ఇంటాయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, తాళంచెవులు మోకాలి మీద ఉంచుకున్నాడు. తొందరమ్మ కాగితం అందించింది. నాలుగూ యాభై ఏడు.

ఇంటాయన సంతకం చూడలేదు, పేరు చూడలేదు. ముద్ర చూశాడు.

"ఐదూ రెండు" అన్నాడు. "ఐదు దాటాక ఇచ్చిన కాగితం."

"ఇంకా ఐదు కాలేదు కదండీ" అంది అత్త. "కానిది ఎలా దాటుతుంది?"

"నేను నమ్మేది ముద్రనమ్మా. మనుషులు వందంటారు."

తొందరమ్మ సంచిలోంచి రెండో కాగితం తీసింది. ఇంటాయన దాన్ని అందుకుని చదవడం మొదలెట్టాడు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం విప్పారింది. సంతకం ఉంది, తేదీ ఉంది, కంపెనీ ముద్ర ఉంది, ఏడేళ్ళ వెనకటి సంగతి కూడా ఉంది. అడుగున సాక్షి కూడా.

"ఇదీ కాగితమంటే" అన్నాడు. "ఈ 'చూశాను' రాసిందెవరు?"

"డాక్టరుగారు."

"డాక్టరు సాక్షి సంతకం. ఇంకేం కావాలి." రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని తాళంచెవులు అందించాడు. లేస్తూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "ఒక్క మాట. వీధి గేటుకు తొమ్మిదింటికి తాళం వేస్తాను. కచ్చితంగా. లోపల నా గోడ గడియారం ప్రకారం."

అత్త మూట భుజాన వేసుకుని ఆయన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"అది ఎంత ముందుంటుందండీ?"

ఇంటాయన కాస్త తడబడ్డాడు. "ఎనిమిది నిమిషాలు."

"గుర్తుపెట్టుకో" అంది అత్త కోడలితో, మెట్లెక్కుతూ. "ఆఫీసులో పన్నెండు, ఇంట్లో ఎనిమిది."